సెకన్లలో చేజారే లెక్క

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ల్యాబ్‌లో చేరి నెల తిరగకముందే, ఏ పత్రికలో వేస్తే పేరొస్తుంది, ఎన్ని సైటేషన్లుంటే, అంటే మన పత్రాన్ని ఎంతమంది ఉదహరిస్తే, శాస్త్రవేత్తగా లెక్క అని అడిగావు. అది తరువాత చెబుతాను. ముందు నీ చేతుల సంగతి చూద్దాం.

నువ్వు పట్టుకున్నది ఈ. కోలై అనే బ్యాక్టీరియా. చురుగ్గా ఎదుగుతున్న ఆ కణంలో ఉన్న ఏటీపీ, అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే పదార్థం, అంతా అయిపోయి, మళ్లీ తయారవడానికి కొద్ది సెకన్లు చాలు. ఫ్లాస్కులోంచి కల్చర్‌ను, అంటే బ్యాక్టీరియా పెరుగుతున్న ద్రవాన్ని, తీసిన క్షణం నుంచే లోపలి లెక్కలు మారిపోతుంటాయి. ఈ ముక్క తెలియక నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను. కల్చర్‌ను చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో, అదే గిర్రున తిప్పి కణాల్ని అడుగుకు దించే యంత్రంలో, పది నిమిషాలు తిప్పి, అడుగున చేరిన ముద్దను తీరిగ్గా కడిగి, అప్పుడు మెటబొలైట్లను, అంటే కణంలోని చిన్న చిన్న రసాయన పదార్థాలను, బయటికి తీసేవాణ్ణి. ప్రతిసారీ ఏటీపీ తక్కువ, అది విరిగితే మిగిలే ఏఎంపీ ఎక్కువ. ఏదో కొత్త రహస్యం దొరికిందని మురిసిపోయి గురువుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కాగితం ఒకసారి చూసి, "ఇది ఎదుగుతున్న బ్యాక్టీరియా కాదు నాయనా, ఊపిరాడక చస్తున్న బ్యాక్టీరియా. చంపింది నువ్వే" అన్నారు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

కాబట్టి సెంట్రిఫ్యూజ్ జోలికి పోకు. నైలాన్ పొర మీద కల్చర్ పోసి వాక్యూమ్‌తో లాగు. ద్రవం దిగీదిగగానే, కడగకుండా, చిమటాతో పొరను తిప్పి, కణాలున్న వైపు కిందికి వచ్చేలా మైనస్ 20 డిగ్రీల ద్రావణిలో బోర్లించు. ఆ ద్రావణి ఏమిటన్నదీ ముఖ్యమే. ప్రిన్స్‌టన్‌లో జాషువా రాబినోవిట్జ్, ఎలిజబెత్ కింబాల్ 2007లో దీని మీదే ఒక పత్రం రాశారు. ఫార్మిక్ ఆమ్లం కలిపిన అసిటోనైట్రైల్ వాడితే ఏటీపీ లాంటి ట్రైఫాస్ఫేట్లు మిగతా ద్రావణుల్లో కంటే బాగా, విరగకుండా నిలబడుతున్నాయి అని తేల్చారు. ఆమ్లం వేశాక అమ్మోనియం బైకార్బొనేట్‌తో విరుగుడు చేయడం మాత్రం మరిచిపోకు. నురగ పొంగుతుంది, గొట్టం నిండుగా పోయకు.

2009లో అదే బృందం ఈ. కోలైలో వందకు పైగా మెటబొలైట్ల గాఢతను కొలిచింది. వాళ్ల ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన కార్బన్-13తో చేసిన గ్లూకోజ్ మాత్రమే తినిపించి కణాల్ని పెంచారు. మామూలు కార్బన్‌తో చేసిన పదార్థాలను తెలిసిన మోతాదులో ద్రావణిలోనే కలిపి ఉంచారు. దారిలో ఎంత పోయినా రెండూ ఒకే పాళ్లలో పోతాయి కదా, నిష్పత్తి చెడదు. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ రెంటినీ బరువుతో వేరు చేసి చూపిస్తుంది. అలా తేలినవాటిలో గ్లుటమేట్ ఒక్కటే 96 మిల్లీమోలార్! ఏటీపీ 9.6, ఏటీపీ ఒక ఫాస్ఫేట్ వదిలితే మిగిలే ఏడీపీ 0.56. ఈ చివరి రెండంకెలూ నీ బల్ల ముందు అంటించుకో. గ్లూకోజ్ తిని ఎదుగుతున్న కణంలో నీకు ఏటీపీ, ఏడీపీ సమానంగా వచ్చాయంటే, జీవశాస్త్రాన్ని అనుమానించే ముందు నీ చెయ్యిని అనుమానించు.

ఇంకో మాట. ఆ యంత్రం తెర మీద వేల శిఖరాలు కనబడగానే వేల మెటబొలైట్లు దొరికాయని సంబరపడకు. ఒకే పదార్థం సోడియం తగిలించుకుని ఒకచోట, ముక్కలై మరోచోట కనబడుతుంది. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్‌ల బరువు ఒక్కటే. యంత్రంలోకి పంపే ముందు పదార్థాల్ని వేరుచేసే గొట్టంలో, అదే కాలమ్‌లో, విడదీయకపోతే యంత్రం ఎంత ఖరీదైనదైనా లాభం లేదు.

ఇక పేరు సంగతి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రచురించినది ఏమిటో తెలుసా? ఫాస్ఫరస్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతి. వినడానికి ఎంత చప్పగా ఉంది! కానీ ఆ పద్ధతిని కండరం మీద ప్రయోగించినప్పుడు, రంగు వెంటనే పూర్తిగా తేలకుండా నెమ్మదిగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసేవారేమో. వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఆమ్లంలో సులువుగా విరిగి ఫాస్ఫేట్‌ను వదులుతున్న పదార్థమేదో ఉందన్నమాట. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే ఆ పదార్థం అలా బయటపడింది. అంతకుముందువాళ్లు దాన్ని మామూలు ఫాస్ఫేట్ కింద జమకట్టేసేవారు. ఆ 1925 పత్రాన్ని ఇన్ని దశాబ్దాల తరువాత కూడా ఉదహరిస్తున్నారు, ఎందుకంటే ఇంకా వాడుతున్నారు. రాబినోవిట్జ్ పత్రాలూ అంతే. ఆయన ఎవరో తెలియనివాళ్లు కూడా పొద్దున్నే ల్యాబ్‌కు వచ్చి ఆ ద్రావణి కలుపుకుంటారు. పత్రిక పేరు అడగడం మానేసి, నీ పద్ధతి ఇంకో ఊళ్లో ఇంకొకరి చేతిలో పనిచేస్తుందా అని అడుగు. పక్క బల్ల దగ్గరి అబ్బాయికి నీ నోట్‌బుక్ మాత్రమే ఇచ్చి చేయించి చూడు.

మొదటి నాలుగు నమూనాల ఏటీపీ, ఏడీపీ అంకెలు రాగానే ముందు నాకు పంపు. పొర తీసినప్పటి నుంచి ద్రావణిలో పడేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో పక్కనే రాయి. మీ నాన్నకు వారానికొకసారైనా ఫోన్ చేస్తూ ఉండు, నా ప్రాణం తీస్తున్నాడు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న