డ్రమ్ముల్లో పోతున్న డబ్బు: సాల్వెంట్ రికవరీ యంత్రం కొనాలా, ప్లాటు కొనాలా?

ప్రశ్న: హైదరాబాద్ జీడిమెట్లలో చిన్న యూనిట్‌లో మందుల ఇంటర్మీడియట్లు (మందుల తయారీలో మధ్య దశలో వాడే రసాయనాలు) తయారు చేస్తున్నాం. వాటి తయారీకి నెలకు 9 లక్షల రూపాయల సాల్వెంట్ (రసాయనాలను కరిగించే ద్రవం) కొంటాం. వాడేసినదాన్ని బయట అమ్మితే 1.2 లక్షలు వస్తాయి. దాన్ని శుద్ధి చేసి మళ్లీ వాడుకునే యంత్రానికి 48 లక్షల కొటేషన్ వచ్చింది. బ్యాంకులో 30 లక్షల డిపాజిట్ ఉంది, మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజులూ అందులోంచే కట్టాలి. పర్యావరణం పేరుతో పెట్టిన డబ్బు తిరిగి రాదని, షాద్‌నగర్‌లో ప్లాటు కొనమని మా బావమరిది అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది మాటలో సగం నిజముంది. వ్యర్థజలాన్ని శుద్ధి చేసి బయటికి వదిలే యంత్రం రాబడి తేదు, నోటీసులు రాకుండా కాపాడుతుంది. డబ్బు పెట్టి కొన్న సరుకును మళ్లీ వాడుకోనిచ్చే యంత్రం సంగతి వేరు. జర్మనీ కంపెనీల మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనమూ ఈ తేడానే చూపింది: ముడిసరుకు, కరెంటు ఆదా చేసే మార్పులు లాభదాయకతను పెంచాయి, కేవలం కాలుష్యాన్ని తగ్గించే మార్పులు దాన్ని దెబ్బతీశాయి. మీరు అడుగుతున్నది సరుకు ఆదా చేసే రకం.

ఇక లెక్కకు వద్దాం. యంత్రం సరఫరాదారు సాల్వెంట్‌లో 60 శాతం తిరిగి వస్తుందని చెప్పే ఉంటారు, అందరూ అలాగే చెబుతారు. అంటే నెలకు 5.4 లక్షల కొనుగోలు తప్పుతుంది. ఇప్పుడు బయట అమ్మితే వచ్చే 1.2 లక్షలు ఆగిపోతాయి. స్టీమ్, కరెంటు, మనిషి జీతం కలిపి 1.4 లక్షలు, అడుగున మిగిలే మడ్డిని దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడానికి 30 వేలు వేసుకుందాం. నికరంగా 2.5 లక్షలు మిగులుతాయి. 19 నెలల్లో పెట్టుబడి వెనక్కి వచ్చేస్తుంది.

అదే 45 శాతమే వస్తే? ఖర్చులు దాదాపు అంతే ఉంటాయి, మిగిలేది 1.15 లక్షలు. 19 నెలలు కాస్తా 42 నెలలవుతాయి. కాబట్టి మీ నిర్ణయమంతా ఆ శాతం మీదే నిలబడి ఉంది. సాల్వెంట్లన్నీ ఒకటి కావు. టోలీన్ నీటితో కలవదు, తేలిగ్గా వేరవుతుంది. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) వంటివి నీటితో కలిసే ఆవిరవుతాయి, మామూలు డిస్టిలేషన్‌తో (మరిగించి ఆవిరిని చల్లార్చి వేరు చేయడం) పూర్తిగా విడిపోవు. మీ డ్రమ్ముల్లో ఏది ఎంత ఉందో ఉత్తరంలో రాయలేదు. దీని ముందు వడ్డీ రేటు చిన్న విషయం.

లెక్క సరిపోయిందనుకుంటే, డిపాజిట్‌లోంచి 12 లక్షలకు మించి తీయకండి. ఫీజులు అక్కడే ఉండాలి. మిగతా 36 లక్షలకు టర్మ్ లోన్ తీసుకోండి. 11 శాతం వడ్డీతో ఐదేళ్లకైతే నెల వాయిదా 78 వేలు దాటుతుంది. 45 శాతం లెక్కలోనూ ఆ వాయిదా కట్టి కొంత మిగులుతుంది. ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) ఖాతాలోంచి మాత్రం యంత్రం కొనకండి, సరుకు కొనాల్సిన రోజున చేతిలో డబ్బుండదు. ఇల్లు తాకట్టు అడిగితే ఇంకో బ్యాంకుకు వెళ్లండి. ఆదాయపు పన్ను లెక్కలో ఏటా ఖర్చుగా చూపుకోగల తరుగుదల మామూలు యంత్రాలకు 15 శాతమైతే, కాలుష్య నియంత్రణ జాబితాలో ఉన్నవాటికి 40 శాతం. మీది ఆ జాబితాలోకి వస్తుందా అని ఆడిటర్‌ను ఇప్పుడే అడగండి, బిల్లు మీద వివరణ ఎలా ఉండాలో కూడా.

‘పచ్చ కంపెనీ’ అన్న పేరుతో ఆర్డర్లు వస్తాయని చెప్పేవారి మాట మీద ఒక్క రూపాయి ఆదాయం కూడా రాసుకోకండి. అయితే మీ సరుకు కొనే కంపెనీ స్టాక్ మార్కెట్‌లో ఉన్న పెద్దదైతే సంగతి కొంత మారుతుంది. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలు నీరు, వ్యర్థాలు, కర్బన ఉద్గారాల వివరాలు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం వెల్లడించాలి. ఆ ప్రశ్నలు మెల్లగా సరఫరాదారుల దాకా వస్తున్నాయి. దీనివల్ల మీకు ధర పెరగదు, ఉన్న ఆర్డరు చేజారకుండా ఉండవచ్చు. రికవరీ సాల్వెంట్ వాడకానికి మందుల తయారీ నిబంధనలు అడ్డు చెప్పవు, కానీ ప్రమాణాలకు సరిపోయిందని పరీక్షల్లో చూపాలి. కొనేవారి నాణ్యత విభాగానికి ముందే చెప్పండి.

ఔటర్ రింగ్ రోడ్డు లోపలి కాలుష్య పరిశ్రమలను బయటికి తరలించాలన్న మాట ఏళ్లుగా నలుగుతోంది. అందుకని కాంక్రీటులో పాతేసే రకం వద్దు, ఇనుప చట్రం మీద బిగించి విప్పి తీసుకెళ్లగలిగేది అడగండి. కొంచెం ఎక్కువైనా ఇవ్వండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతిలో ఈ మార్పును చేర్పించాలి. బీమా కంపెనీకీ రాతపూర్వకంగా తెలపాలి. మండే ద్రవాన్ని మరిగించే పని, ఏదైనా జరిగాక పాలసీలో లేదంటే చేసేదేమీ ఉండదు.

ప్లాటు సంగతి పెద్దగా చెప్పడానికి లేదు. ధర పెరగవచ్చు, కానీ నెలనెలా ఏమీ ఇవ్వదు, అవసరానికి వెంటనే అమ్ముడుపోదు. ఫీజులు దగ్గర పడుతున్న ఇంటికి అది సరిపడదు.

ఈ వారంలోనే వేర్వేరు బ్యాచ్‌ల నుంచి నాలుగు డ్రమ్ములు తీసి, సరఫరాదారు దగ్గరే డిస్టిలేషన్ చేయించండి. మీ మనిషి పక్కనే ఉండాలి. ఎన్ని లీటర్లు పోస్తే ఎన్ని వచ్చాయో, తేమ ఎంతో బయటి ల్యాబ్‌తో రాయించుకోండి. 50 శాతానికి తగ్గితే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి. కొంటే పది శాతం సొమ్ము ఆపి, మీ యూనిట్‌లో మూడు నెలలు అదే ఫలితం వచ్చాకే చెల్లిస్తామని ఒప్పందంలో రాయించండి.