నూతి నీళ్ల లెక్క

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

సచివాలయంలో చేరావని, వచ్చే వారం ఊళ్లో నూతులన్నిటికీ బ్లీచింగ్ వేయించే పని నీ మీదే పెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వీధిలో కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తాడుకి రాయి కట్టి దించడం, తడిసిన మేర కొలవడం నీకు చెప్పక్కర్లేదు. ఘనపు మీటరంటే మీ మేడ మీదున్న వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. అలాంటి ట్యాంకుడు నీళ్లకి మంచి పౌడరు 2.5 గ్రాములు. ఎండకి మూత తీసి ఉంచిన పౌడరు ఎందుకూ పనికిరాదు.

నా టెన్షనంతా వెడల్పు దగ్గరే. 1980లో వంశధార పొంగి తీశాక, కొత్తగా చేరిన నన్ను ఏటి ఒడ్డు ఊరొకదానికి పంపారు. నుయ్యి లోపలి అంచు నుంచి అంచుకి 2 మీటర్లు, నీరు 3 మీటర్లు. వెడల్పుని వెడల్పుతో, 3.14తో, లోతుతో గుణించి, చివర నాలుగుతో భాగించాలి. ఆ భాగించడమే మరిచాను. 9,420 లీటర్లున్న నూతికి 37,680 అని అరచేతి మీద రాసుకున్నాను. 24 గ్రాములు చాలిన చోట 94 గ్రాములు కలిపించాను. ఎక్కువైతే పురుగు ఇంకా బాగా చస్తుంది కదా అనుకునే వయసు!

తెల్లారి ఒక ముసలమ్మ చేద పైకి లాగి, పుక్కిలించి, నా కాళ్ల దగ్గరే ఉమ్మేసింది. "ఏటి బావూ, నీళ్లల్లో మందు కలిపేసినావేటి?" అంది. నాకు నోట మాట రాలేదు. మధ్యాహ్నానికి బిందెలన్నీ చెరువుకి వెళ్లాయి. వరద బురదంతా చేరిన చెరువు. మూడో రోజుకి రెండిళ్లలో విరేచనాలు. ఒక గుంటడిని నాటు బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, వాడి తల నా ఒళ్లోనే ఉంది. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. బతికాడు. ఇప్పటికీ క్లోరిన్ వాసన వస్తే నాకు ఆ బండి చప్పుడే వినబడుతుంది.

అందుకే, ఫోన్‌లో ఎంత వచ్చినా కాగితం మీద ఇంకోసారి వెయ్యి. "నాకు తెలుసులే మావయ్యా" అనకు, నీకా అలవాటుంది, చిన్నప్పుడు ఎక్కాల దగ్గర కూడా అంతే. వాసన రావడం తప్పు కాదు, నోట పెట్టుకోలేనంత ఘాటు తప్పు. పౌడరు ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేటే నూతిలోకి పోవాలి. ఆ తర్వాత గంటసేపు ఎవరినీ తోడనివ్వకు. ఆడవాళ్లు కోప్పడతారు, పడనీ.

గట్టెక్కి ఒంగి చూడకు తల్లీ. నాచు పట్టిన గట్లు జారతాయి. మీటరు మీటరుకీ ముడేసిన నా పాత తాడు అటక మీదుంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. మీ అత్త నీకోసం పొంగడాలు వేస్తానంటోంది.

మీ మావయ్య