కంటైనర్‌ను లారీకి బిగించి ఇల్లుగా మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బావ దగ్గర 12 టన్నుల పాత లారీ తీసుకున్నాను. దాని మీద ఫైనాన్స్ ఇంకా తీరలేదు. హైదరాబాద్‌లో 20 అడుగుల పాత కంటైనర్ ఒకటి బేరమాడి ఉంచాను. దాన్ని లారీ ఛాసిస్‌కు వెల్డింగ్ చేయించి, లోపల పడకలు, వంటగది, బాత్రూం కట్టించుకుని, భార్యాపిల్లలతో లద్దాఖ్ దాకా వెళ్లి రావాలని ఉంది. ముందు బండి తయారు చేద్దాం, ఆర్సీ సంగతి తర్వాత ఏజెంట్ చూసుకుంటాడని ఆటోనగర్‌లో మేస్త్రీ అంటున్నాడు. చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు: మేస్త్రీ చెప్పిన వరుసలో మాత్రం చేయకండి. చట్టం దృష్టిలో ఆ కంటైనర్ లారీ మీద ఎక్కించిన సరుకా, లేక లారీకి బాడీయా అన్నది ముందు కాగితం మీద తేల్చుకోవాలి. ఆ తర్వాతే రేకు కోయించాలి. మిగతా ప్రశ్నలన్నిటికీ సమాధానం దాన్నిబట్టే మారుతుంది.

వెల్డింగ్ చేసిన మరుక్షణం అది బాడీ అవుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్సీలోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. రంగు మార్చడం వంటి చిన్న మార్పులను దీనితో ముడిపెట్టలేదు గానీ, బండి నిర్మాణాన్ని మార్చడం వాటి కోవలోకి రాదు. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పని పూర్తయ్యాక ఆర్సీలో రాయించుకునే దారి ఉందని ఏజెంట్ చెబితే, ఏ నిబంధన కింద రాస్తారో రాతపూర్వకంగా చెప్పమనండి.

అయితే క్యాంపర్ వ్యాన్ (లోపల పడక, వంట ఏర్పాట్లున్న బండి) మన చట్టానికి తెలియని బండి కాదు. కేంద్ర ప్రభుత్వం 2004 నవంబరు 5న ఇచ్చిన నోటిఫికేషన్‌లో, సొంత వాడకానికి ఉంచుకునే క్యాంపర్ వ్యాన్ నాన్ ట్రాన్స్‌పోర్ట్ (కిరాయికి తిప్పని) వాహనాల జాబితాలో ఉంది. అంటే రిజిస్ట్రేషన్ అసాధ్యం కాదు, దానికి సరైన దారిలో రావాలి. కొత్త ఛాసిస్ తీసుకుని, తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేయించి, కేంద్ర మోటారు వాహన నిబంధనల 126వ నిబంధన కింద ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన నమూనా ఉన్న బాడీ బిల్డర్‌తో కట్టించి, బాడీ విడిగా కట్టిన బండ్లు రోడ్డుకు తగినవని ధ్రువీకరించే ఫారం 22ఎ తెచ్చుకుని ఆర్టీఏకు వెళ్లడమే ఆ దారి. ఖర్చు ఎక్కువే, కానీ నా సలహా ఇదే. మీ పాత లారీని అదే స్థితికి తేవడం చాలా కష్టం, ఆశ పెట్టుకోవద్దు.

రెండో మార్గం, కంటైనర్‌ను సరుకుగానే ఉంచడం. నాలుగు మూలల ట్విస్ట్ లాక్‌లతో (తిప్పి బిగించే, విప్పే గొళ్లాలు), ఎప్పుడైనా దించగలిగేలా బిగిస్తే లారీ లారీగానే ఉంటుంది. గూడ్స్ పర్మిట్, ఫిట్‌నెస్ మామూలుగా నడుస్తాయి. బండి ఆపి లోపల పడుకోవచ్చు గానీ, నడుస్తున్నప్పుడు ఆ డబ్బాలో ఒక్క మనిషి కూడా కూర్చోకూడదు. మేడారం జాతరకు లారీల్లో, ట్రాక్టర్లలో జనం వెళ్లడం మనం చూస్తూనే ఉంటాం. అలవాటుగా సాగినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. గూడ్స్ బండిలో ఉచితంగా ప్రయాణిస్తున్నవారికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ భార్యాపిల్లలు వెనక కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఏమైనా జరిగితే నష్టపరిహారం భారం మీ మీదే పడుతుందని గుర్తుంచుకోండి. వాళ్లను క్యాబిన్‌లో ఆర్సీ అనుమతించే సీట్లలోనే కూర్చోబెట్టండి, లేదా వెనక మరో కారులో రమ్మనండి.

వెల్డింగ్ గురించి ఇంకొక మాట. లారీ ఛాసిస్ గుంతల్లో మెలిపడుతుంది, కంటైనర్ మెలిపడదు. రెంటినీ అతికిస్తే ఆ బలమంతా అతుకుల దగ్గర పేరుకుని ఛాసిస్ పగులుతుంది. అందుకే ఇలాంటి బండ్లకు మధ్యలో సబ్‌ఫ్రేమ్ (అదనపు చట్రం) వేసి, మూడు చోట్ల ఆధారంతో, ఒక చోట కదిలేలా అమరుస్తారు. ఎత్తు కూడా చూసుకోండి. మామూలు కంటైనర్ ఎత్తు 2.59 మీటర్లు, హై క్యూబ్ రకం దాదాపు 2.9 మీటర్లు. మీ లారీ ఫ్రేము నేలకు 1.2 మీటర్లు ఉందనుకుంటే మొదటిది 3.8 దగ్గర ఆగుతుంది, రెండోది సాధారణ పరిమితి అయిన 4 మీటర్లు దాటిపోతుంది. పైన ఏసీ, సోలార్ పలక పెడితే మొదటిదానికీ ఇబ్బందే.

కంటైనర్ కొనే ముందు ఒక పని తప్పక చేయండి. విదేశీ కంటైనర్లు చాలావరకు ఆరు నెలల్లో తిరిగి ఎగుమతి చేస్తామన్న షరతు మీద సుంకం లేకుండా దేశంలోకి వస్తాయి. 1994 నాటి 104/94 కస్టమ్స్ నోటిఫికేషన్ ఆ వీలు కల్పించింది. సుంకం కట్టకుండా ఇక్కడే అమ్మేసిన డబ్బా మీ దగ్గర దొరికితే జప్తు కావచ్చు. తలుపు మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉన్న నంబరు ఉంటుంది. అదే నంబరు అమ్మకందారు చూపించే బిల్ ఆఫ్ ఎంట్రీలోనూ (దిగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం) జీఎస్టీ ఇన్‌వాయిస్‌లోనూ ఉందో లేదో సరిపోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అడ్వాన్సు ఇవ్వకండి.

ఫైనాన్స్ తీరని బండి కాబట్టి ఫైనాన్షియర్ రాతపూర్వక సమ్మతి లేకుండా ఏ మార్పూ చేయించకూడదు. హైర్ పర్చేజ్ (వాయిదాల కొనుగోలు) బండ్ల విషయంలో 52వ సెక్షనే ఈ మాట చెబుతుంది, రుణ ఒప్పందాలూ సాధారణంగా ఇదే షరతు పెడతాయి. మార్పు ఏదైనా బీమా కంపెనీకి తెలియజేసి పాలసీలో ఆ మార్పు నమోదు చేయించుకోండి (ఎండార్స్‌మెంట్). లేకపోతే సొంత నష్టం క్లెయిమ్ తిరస్కరించడానికి మీరే అవకాశమిచ్చినట్టవుతుంది. 2024 నవంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఎల్ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్సుకు ఇచ్చిన వెసులుబాటు 7,500 కిలోలలోపు బండ్లకే వర్తిస్తుంది గనుక, 12 టన్నుల లారీకి అది చాలదు, ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడిపే లైసెన్సు కావాలి. తర్వాతెప్పుడైనా లక్నవరం, రామప్ప చూడవచ్చే పర్యాటకులకు బండిని కిరాయికి ఇస్తే అది ట్రాన్స్‌పోర్ట్ వాహనమవుతుంది; అప్పుడు పర్మిట్, పన్ను వేరు.

ఈ వారంలో ఫైనాన్షియర్‌కు, బీమా కంపెనీకి ఉత్తరాలు రాయండి, కంటైనర్‌ను సరుకుగా చూస్తారో బాడీగా చూస్తారో అడుగుతూ ఆర్టీఏలో రాతపూర్వక అభ్యర్థన ఇచ్చి రశీదు తీసుకోండి. కొత్త ఛాసిస్ దారి ఎంచుకుంటే, ఫారం 22ఎ ఇచ్చే బాధ్యత బాడీ బిల్డర్‌దేనని ఒప్పందంలో రాయించి, చివరి వాయిదా ఆ ఫారం చేతికి వచ్చాకే చెల్లించండి.