ఈసీజీ నార్మల్ వస్తే గుండెపోటు లేనట్టేనా?

లేనట్టు కాదు. ఈసీజీ చెప్పేది తీసిన ఆ కొద్ది సెకన్ల సంగతే. రక్తనాళం పూర్తిగా మూసుకుపోకపోయినా, దెబ్బ గుండె వెనక గోడకు తగిలినా మొదటి ఈసీజీ మామూలుగానే ఉండొచ్చు. అందుకే నొప్పి తగ్గకపోతే 15-30 నిమిషాలకోసారి మళ్లీ తీస్తారు; అనుమానం ఉంటే వీపు వైపు కూడా లీడ్లు (ఒంటికి అంటించే ఈసీజీ తీగలు) పెడతారు.

అసలు తేల్చేది చాలాసార్లు ట్రోపోనిన్ రక్తపరీక్షే. ట్రోపోనిన్ అంటే గుండె కండరంలో ఉండే ప్రోటీన్; కండరం దెబ్బతిన్నాక ఇది రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. నొప్పి మొదలైన అరగంటకే చేయించి, నెగటివ్ అని ఇంటికెళ్లిపోతే ప్రయోజనం లేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లలో ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉండొచ్చు కాబట్టి, ఒక్క అంకె కన్నా రెండో పరీక్షకు పెరిగిందా లేదా అన్నదే చూస్తారు.

షుగర్ ఉన్నవాళ్లకు అసలు ఛాతీనొప్పే రాకపోవచ్చు. ఆయాసం, చల్లటి చెమటలు, లేదా ఇంట్లో గ్యాస్ అనుకుని సోడా తాగించేసే పైకడుపు మంట, అంతే.