సాధారణ బరువుకు వస్తేనే స్థూలకాయం వల్ల వచ్చిన జబ్బులు తగ్గుతాయా?

అంత అవసరం లేదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో రక్తపోటు, మధుమేహం అదుపులోకి రావడం మొదలవుతుంది.

చర్మం కింది కొవ్వు కన్నా పొట్ట లోపల, కాలేయంలో పేరుకున్న కొవ్వు ఎక్కువ హాని చేస్తుంది. ఇన్సులిన్ పనిని అడ్డుకునేది ముఖ్యంగా అదే. బరువు తగ్గేటప్పుడు కాలేయంలోని కొవ్వు తొందరగా కరుగుతుంది. అందుకే అద్దంలో పెద్ద తేడా కనిపించక ముందే రక్తపరీక్షలో తేడా తెలుస్తుంది.

130 కిలోల మనిషి 10 కిలోలు తగ్గారనుకోండి. చూసేవారికి ఇంకా లావుగానే కనిపిస్తారు. కానీ తగ్గిన ప్రతి కిలోకూ మోకాలిపై అడుగడుగునా సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. అంటే మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుని ఆగాల్సిన అవసరం తగ్గుతుంది. ఇది చిన్న లాభం కాదు. నిద్రలో ఊపిరి ఆగే సమస్యకు మాత్రం సాధారణంగా ఇంకా ఎక్కువ బరువు తగ్గాలి. అప్పటిదాకా ఆ సమస్యకు నిద్రలో వాడే శ్వాస యంత్రం మానకూడదు.

చాలామంది పొరబడేది మందుల విషయంలో. బరువు తగ్గుతోంది కదా అని సొంతంగా మాత్రలు మానేస్తారు, లేదా పాత మోతాదే కొనసాగిస్తారు. రెండూ ప్రమాదమే. బరువు తగ్గేకొద్దీ పాత మోతాదు ఇన్సులిన్ ఎక్కువై చక్కెర పడిపోవచ్చు. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం దాని గుర్తులు. మోతాదు మార్చాల్సింది డాక్టరే.