జీటీ 650 మీద నేపాల్ పోవచ్చు, ఆ బండి అమ్మకండి

"నల్లగొండ నుంచి రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650 మీద నేపాల్ పోవచ్చా? ముందుకు వంగి కూర్చునే బండి కదా, నడుం, మణికట్లు పోతాయంటున్నారు. అమ్మేసి, నిటారుగా కూర్చునే ఎత్తు బండి, అడ్వెంచర్ బైక్ కొనమంటారా?" అని అడిగారు. అమ్మొద్దు. నేను ఆ బండి మీదనే నేపాల్‌లోని ముక్తినాథ్ గుడి దాకా పోయి వచ్చాను. మణికట్లు పోతాయన్నవాళ్లు ఎవరో గానీ, స్టాండు వేసి ఉన్న బండి మీద ఐదు నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటారు.

ఆగి ఉన్న జీటీ మీద ఎవరికైనా మణికట్లు లాగుతాయి. హ్యాండిల్ కిందికి, ఫుట్‌రెస్టులు వెనక్కి ఉంటాయి కాబట్టి ఒంటి బరువంతా చేతుల మీద పడుతుంది. అదే స్పీడు తొంభైకి వచ్చిందంటే ఎదురుగాలి ఛాతీని మోస్తుంది. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టుకుంటే హ్యాండిల్‌కు వేళ్లు ఆనించి ఉంచితే చాలు. నా లెక్కలో ఈ బండి మీద నొప్పి కిలోమీటర్లు పెరిగితే రాదు, స్పీడు తగ్గితే వస్తుంది. ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్, సివనీ, జబల్‌పూర్ దాకా నాకు చేతులున్న సంగతే గుర్తు రాలేదు. అవి పట్టేసింది ఎక్కడంటే, హయత్‌నగర్ నుంచి మేడ్చల్ దాకా. మన హైదరాబాద్‌లోనే.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. 648 సీసీ, 47 హార్స్ పవర్ బండి ఇది. ఎనిమిది వందల సీసీ పాత కారు ఆయాసపడుతూ పోవడానికి అక్కడ దారి ఉంది, దీనికి మాత్రం లేదు. పెద్ద అంబర్‌పేట దగ్గర ర్యాంపు కళ్ల ముందే కనపడుతుంటే మనం ఎల్బీనగర్, ఉప్పల్, సికింద్రాబాద్ సిగ్నళ్లన్నిటికీ మొక్కుకుంటూ పోవాలి, క్లచ్ పట్టుకునీ వదిలీ. మీరు ఆ బాధ పడకండి. చౌటుప్పల్ దగ్గర కుడికి తిరిగి భువనగిరి, గజ్వేల్ మీదుగా తూప్రాన్ దగ్గర ఎన్‌హెచ్ 44 ఎక్కేయండి. వచ్చేటప్పుడు నేనూ అలాగే వచ్చాను.

గోరఖ్‌పూర్ దాటాక సునౌలి బార్డర్. మనకు వీసా అక్కర్లేదు, బండికి కార్నే (బండిని వేరే దేశం తీసుకుపోవడానికి కావలసిన కస్టమ్స్ పత్రం) అక్కర్లేదు. భన్సార్, అంటే నేపాల్ కస్టమ్స్ రుసుము, మాత్రం కట్టాలి, అదీ రోజుల లెక్కన. ఎన్ని రోజులుంటారో ముందే చెప్పాలి కాబట్టి ఒక రోజు ఎక్కువే వేసి చెప్పండి. ఒరిజినల్ ఆర్‌సీ, లైసెన్సు జేబులో ఉండాలి. మన రూపాయికి వాళ్లది 1.60, 1993 నుంచి అదే రేటు. గడియారం పావుగంట ముందుకు తిప్పుకోవాలి. "ఐదు నిమిషాల్లో చేయిస్తా భయ్యా" అని వెంటపడేవాళ్లు గేటు ముందే ఉంటారు. ఆఫీసుల ముందు బ్రోకర్లను చూస్తూ పెరిగిన మనకు అదేం కొత్త కాదు, దండం పెట్టి కౌంటర్ మీరే వెతుక్కోండి.

బుట్వల్ నుంచి పోఖరా దాకా అన్నీ మలుపులే, స్పీడు ఉండదు. ఇక్కడ మణికట్లు మళ్లీ మొదలుపెడతాయి. గంటకోసారి ఆగి టీ తాగడమే దీనికి మందు.

నేను అసలు చెప్పాలనుకున్నది పోఖరా దాటాక ముక్తినాథ్‌కు పోయే దారి, కాలీ గండకీ లోయ గురించి. బేని దాటాక చాలా చోట్ల రోడ్డు పేరుకే. రాళ్లు, బురద, రోడ్డుకు అడ్డంగా పారే నీళ్లు. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి నడపమని వీడియోల్లో చెప్తారు. జీటీ మీద లేచి నిలబడితే గడ్డం పోయి స్పీడోమీటర్ మీద ఆనుతుంది. కూర్చునే, ఫస్టు, సెకండ్ గేర్లలో ఈడ్చుకుంటూ పోవాలి. ఆ ముక్క వరకు అడ్వెంచర్ బైక్ మేలని ఒప్పుకుంటాను. అంతవరకే.

ఎందుకంటే అక్కడ గాలి ఉంది. ఒక పక్క ధవళగిరి 8,167 మీటర్లు, ఇంకో పక్క అన్నపూర్ణ 8,091 మీటర్లు, మధ్యలో ఈ సందు. పొద్దెక్కి పైన టిబెట్ వైపు నేల వేడెక్కితే కింది గాలంతా ఆ సందులోంచి పైకి ఎగబాకుతుంది. రోజూ అంతే. ఆ లోయలోని జోమ్‌సోమ్‌కు విమానాలు పొద్దున్నే తిరిగేది కూడా అందుకే. పైకి పోయేటప్పుడు గాలి వెనక నుంచి కొట్టింది. నా చక్రం లేపిన దుమ్మే నన్ను దాటి ముందుకు పోయింది.

ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి మనవాళ్లు బాగానే వస్తారు. గుడి వెనక 108 ధారల కింద తల పెట్టి, పళ్లు టకటక కొట్టుకుంటుంటే గుడి కింది ఊరు రాణిపౌవాలో బండి దగ్గరికి దిగి వచ్చాను. టీఎస్ 05 నంబరు చూసి ఒక పెద్దమ్మ వచ్చింది. మిర్యాలగూడ అట. "నల్లగొండకెల్లి గీ బండి మీదనే వచ్చినవా బిడ్డా? నిన్న జీపులకెల్లి చూసిన. గట్ల వంగి నడుపుతుంటే కడుపు నొస్తున్నదేమో అనుకున్న" అన్నది. కవర్లోంచి సకినాలు తీసి చేతిలో పెట్టింది. ఊరి సంగతులు మాట్లాడుతూ కూర్చుంటే మధ్యాహ్నమైంది.

కాగ్‌బేని దగ్గర లోయలోకి దిగానో లేదో గాలి ఎదురుగా వచ్చి కొట్టింది. వెడల్పాటి నది పరుపు, అంతా గులకరాళ్లు, చెట్టనేది లేదు. హెల్మెట్ అద్దం మీద ఇసుక రాలుతున్న చప్పుడు. గాలి ఒక్కో విసురుకు బండి అడుగు మేర పక్కకు జరుగుతోంది. కొంచెం ముందు రెండు పెద్ద అడ్వెంచర్ బైకులు, రెండు పక్కలా రేకు పెట్టెలతో, రోడ్డు పక్కన ఆగి ఉన్నాయి. పడిపోకుండా వాటిని పట్టుకుని నిలబడ్డారు పాపం, నడిపేవాళ్లు. నిటారుగా కూర్చునే బండి మీద మనిషే తెరచాప. నేను ట్యాంక్ బ్యాగ్ తీసి వెనక కట్టి, ఛాతీ ట్యాంకుకు ఆనించి, మోచేతులు లోపలికి ముడుచుకుని, ఆపకుండా మార్ఫా ఊరి దాకా వచ్చేశాను. సున్నం కొట్టిన రాతి ఇళ్ల మధ్య కూర్చుని టీ తాగి, ఎండు ఆపిల్ ముక్కలు తిని, ఇంకో టీ చెప్పాక గానీ వాళ్లు రాలేదు. ఒక్క మధ్యాహ్నం చూసి తీర్పు చెప్తావా అంటారేమో. చెప్తాను. అంత గాలిలో ఎత్తు బండి నాకు ఊరికే ఇచ్చినా వద్దు.

సామాను మాత్రం తగ్గించుకోండి. నడుం నొప్పుల్లో సగం వీపు మీద బ్యాగు వేసుకోవడం వల్లే వస్తాయి, పేరు మాత్రం బండికి పెడతారు. బట్టలన్నీ వెనక సీటు మీద కట్టేయండి. ట్యాంకు 12.5 లీటర్లే, సగానికి రాగానే నింపించండి. మీది స్పోక్ చక్రాల బండి అయితే 18 అంగుళాల ట్యూబులు ఇక్కడి నుంచే తీసుకుపోండి, దారిలో ఆ సైజు అడిగితే మన మొహం చూస్తారు. ఎవరో చెప్పారని హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు వేయించొద్దు. వేయించాలనుకుంటే ఈ బండి కొనడమెందుకు, అదే ఇంజిన్‌తో నిటారుగా కూర్చునే ఇంటర్‌సెప్టర్ ఉండనే ఉంది.

వానాకాలంలో పోవద్దు, బేని పైన కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసుకుంటుంది. దసరా తర్వాత మంచిది. సరిగ్గా దసరాకు మాత్రం వద్దు. వాళ్లకు దశైం అంటే మన సంక్రాంతి అంత, ఊళ్లకు పోయే జనంతో బస్సులు, జీపులు రోడ్డంతా నిండిపోతాయి. వాటి వెనక ఇరవై స్పీడులో పోతే మణికట్ల సంగతి మళ్లీ నన్నే అడుగుతారు.