పసిబిడ్డకి వేప నూనె తాగించొచ్చా? డాక్టర్ సలహా

ప్రశ్న: మా బాబుకి 9 నెలలు. వారం నుంచి జలుబు, దగ్గు, రాత్రుళ్ళు నిద్ర లేదు. మా అత్తమ్మ "నులిపురుగులు పట్టినయ్, ఒక చెంచా వేప నూనె పోస్తే అన్నీ పోతయ్, నా పిల్లలకు గట్లనే పోసిన" అంటోంది. మామయ్యేమో షుగర్‌కి రోజూ పరగడుపున వేపాకు ముద్ద మింగుతూ, ఇంక గోళీలు ఆపేస్తా అంటున్నాడు. వద్దంటే ఇంట్లో గొడవ అవుతోంది. ఏం చెయ్యాలి?
(ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా)

సమాధానం: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ వేప నూనె బాబు నోట్లో ఒక్క చుక్క కూడా పడకుండా చూడండి. ఒక చెంచా అంటే దాదాపు 5 ఎం.ఎల్. 1981లోనే మలేషియా డాక్టర్లు రాశారు, 5 నుంచి 30 ఎం.ఎల్. వేప నూనె తాగించిన పసిపిల్లలకి కొన్ని గంటల్లోనే వాంతులు, మగత, ఎగశ్వాస, ఆ తర్వాత ఫిట్స్ వచ్చాయని. లివర్ దెబ్బతింటుంది, రక్తంలో యాసిడ్ పెరిగిపోతుంది, మెదడు వాస్తుంది. ప్రాణాలు పోయిన పిల్లలు కూడా ఉన్నారు.

నేను పీజీ చేసే రోజుల్లో ఒక రాత్రి 11 నెలల పాపని ఎత్తుకొచ్చారు. పాప తల్లి భుజం మీద వాలిపోయి ఉంది, ఊపిరి మాత్రం పరిగెడుతోంది, ఏమైనా తాగించారా అని మూడు నాలుగు సార్లు అడిగినా అందరూ ఏం లేదనే అన్నారు. గౌను మెడ దగ్గర కక్కిన మరక ఆరిపోయి ఉంటే దగ్గరికి తీసుకుని వాసన చూశాను, కుళ్ళిన వెల్లుల్లి లాంటి ఆ ఘాటు వేప నూనెది కాక ఇంక దేనిది! అప్పుడు నానమ్మ ఏడుస్తూ సంచిలోంచి ఉగ్గుగిన్నె తీసి చూపించింది. ఆ పాప బతికింది, కానీ చాలా రోజులు ఐసీయూలో ఉంచాల్సొచ్చింది. ఆ పెద్దావిడ ప్రేమతోనే పోసింది, అందుకే మీ అత్తమ్మ మీద కూడా కోపం పెట్టుకోకండి, కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పండి. తన పిల్లలకి ఏం కాలేదంటే అది నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ రోజుల్లో ఇలాంటి నూనె పడి ఫిట్స్ వచ్చిన బిడ్డని బాలగ్రహం పట్టిందనేవాళ్ళు, నూనె మీద ఎవరికీ అనుమానమే వచ్చేది కాదు.

అంతమాత్రాన వేప చెడ్డదని నేను అనట్లేదు. ఉగాది పచ్చడిలో చిటికెడు పువ్వు, అప్పుడప్పుడు వేపపువ్వు చారు పెద్దవాళ్ళు హాయిగా తినండి. బోనం కుండకి వేప మండలు కట్టడం మన అమ్మవారి ఆచారం, నాకూ ఇష్టమే. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి మండలు కట్టేవాళ్ళు కదా, దాంతో చుట్టాలు లోపలికి రాకుండా ఆగిపోయేవాళ్ళు, చికెన్‌పాక్స్ అంటుకునే జబ్బు కాబట్టి అది చాలా మంచి పని. కాకపోతే పెద్దవాళ్ళకో గర్భిణికో వస్తే మండలతో ఆగొద్దు, అదే రోజు డాక్టర్‌ని కలవాలి. అలాగే వేప నూనెతో పంట మీది బూజుని అరికట్టే పద్ధతికి యూరప్‌లో ఇచ్చిన పేటెంట్ మీద మనవాళ్ళు పోరాడితే, ఇది భారతీయులకి ముందే తెలిసిన సంగతని 2000లో రద్దు చేశారు, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు. మన పెద్దల జ్ఞానం అంత గొప్పది, కానీ చేను మీద కొట్టే నూనె వేరు, పసిబిడ్డ కడుపు వేరు.

ఇంక బాబు సంగతి. మీరు రాసినవి మామూలు జలుబు లక్షణాలే, నులిపురుగులవి కావు. తల్లిపాలు ఆపకండి, ముక్కు మూసుకుపోతే పాలిచ్చే ముందు సెలైన్ డ్రాప్స్ వెయ్యండి, వేపాకు పొగ అస్సలు వెయ్యొద్దు, దోమలకైతే దోమతెర కట్టండి. నూనె బదులు తేనె నాకిద్దామంటారేమో, ఏడాది నిండేదాకా అదీ వద్దు. నులిపురుగుల మందు కూడా ఏడాది దాటాకే, 1 నుంచి 2 ఏళ్ళ మధ్య ఆల్బెండజోల్ సగం మాత్ర, ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీలో ఉచితంగానే ఇస్తారు. బాబు నిద్రపోతున్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి, 50 లేదా అంతకన్నా ఎక్కువున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మామయ్య గారు గోళీలు ఆపకూడదు. వేపాకుకి షుగర్ కొంచెం తగ్గించే గుణం ఉండొచ్చు గానీ అది గోళీకి బదులు కాదు, పైగా గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ గోళీలో ఇన్సులినో వాడుతూ పరగడుపున ముద్ద కూడా మింగితే షుగర్ ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. ఏం మింగుతున్నారో ఆయన డాక్టర్‌కి దాచకుండా చెప్పమనండి, 3 నెలల సగటు షుగర్ టెస్ట్ చేయించండి. ఇంట్లో గర్భిణి గానీ గర్భం కోసం చూస్తున్నవాళ్ళు గానీ ఉంటే వేపాకు రసం, నూనె లోపలికి తీసుకోకూడదు.

ఒకవేళ మీరు లేనప్పుడు ఎవరైనా బాబుకి ఇప్పటికే పోసేసి ఉంటే గొంతులో వేలు పెట్టి కక్కించకండి, ఉప్పునీళ్ళు తాగించకండి. లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళండి, ఆ నూనె సీసా కూడా వెంట తీసుకెళ్ళి ఎంత పోశారో, ఎన్ని గంటలకి పోశారో ఉన్నదున్నట్టు చెప్పండి.